రాత్రి 8:30కి నర్స్ ప్రాక్టీషనర్ ఇంటర్వ్యూ, విశాఖ నుంచే ఇవ్వాలి. సాయం చేయండి

పెదవాల్తేరు_నర్సు | అక్టోబరు 4, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను విశాఖలోనే బీఎస్సీ నర్సింగ్ చేశాను. ఇక్కడ నాలుగేళ్లు డయాలసిస్‌లోనూ ఐసీయూలోనూ పనిచేసి, హైదరాబాద్‌లో ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష) రాసి టెక్సస్ వెళ్లాను. అక్కడ ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) మూడేళ్లు నిండాయి. ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (క్లినిక్‌లో రోగుల్ని చూసి మందులు కూడా రాసే పై స్థాయి నర్సు) కోర్సుకి అప్లై చేస్తే ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ మెయిల్ వచ్చేసరికి నేను పెదవాల్తేరులో ఉన్నాను. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి పది రోజులు. తేదీ మార్చమని అడగడానికి ధైర్యం చాల్లేదు. అక్టోబరు 16, అక్కడ ఉదయం 10, మనకి రాత్రి 8:30. వీడియోలో ముగ్గురు అడుగుతారు, అరగంట.

నా బెంగంతా మొదటి ప్రశ్న గురించే. "నర్స్ ప్రాక్టీషనర్ ఎందుకు కావాలనుకుంటున్నారు?" దానికి ఇలా రాసుకున్నాను: "చిన్నప్పటి నుంచీ నాకు సేవ చేయాలని కోరిక. నర్సుగా ఎంతో నేర్చుకున్నాను. ఇంకా పై స్థాయిలో రోగులకు సేవ చేయాలని ఈ కోర్సు ఎంచుకున్నాను." ఇరవైసార్లు చదివాను. ఎక్కడా తప్పు లేదు, కానీ నేను రాసినట్టు లేదు. అప్పచెప్పినట్టు ఉంటోంది. ఏం చేయమంటారు?

ఒహాయో_అక్క | అక్టోబరు 5, ఉదయం 6:15

చెల్లీ, మాది అనకాపల్లి. ఎఫ్‌ఎన్‌పీ, అదే నువ్వు అప్లై చేసిన ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు, పూర్తిచేసి ఆరేళ్లయింది. ఒకటి రెండుసార్లు మా కాలేజీ ఇంటర్వ్యూల్లో అటువైపు కూడా కూర్చున్నాను. నువ్వు రాసిన మూడు వాక్యాలూ ఆ రోజు వచ్చే ప్రతివాళ్లూ చెబుతారు. విని తల ఊపుతారు, కాగితం మీద ఏమీ రాసుకోరు.

ఆ ప్రశ్నతో వాళ్లు తెలుసుకోవాలనుకునేది వేరే. ఆర్‌ఎన్ నుంచి ఎన్‌పీ (నర్స్ ప్రాక్టీషనర్) అయితే నీ మీద ఏ బరువు పడుతుందో నీకు తెలుసా లేదా అని. ఇప్పుడు నువ్వు ఆర్డర్ అందుకుంటున్నావు. రేపు ఆర్డర్ రాసేది నువ్వు. రాత్రి ల్యాబ్ నుంచి పొటాషియం ఎక్కువుందని ఫోన్ వస్తే ఇప్పుడు నువ్వు ఇంకొకరికి చేస్తావు, రేపు ఆ ఫోన్ నీకే వస్తుంది. అది తెలిసిన మనిషిలా మాట్లాడాలి.

ఇంకోటి, నీ రాష్ట్రం రూలు నీకు రావాలి. టెక్సస్‌లో ఎన్‌పీ మందులు రాయాలంటే డాక్టరుతో రాతపూర్వకంగా ప్రిస్క్రిప్టివ్ అథారిటీ అగ్రిమెంట్ ఉండాలి. మా ఒహాయోలోనూ డాక్టరుతో ఒప్పందం తప్పనిసరి. అదే అరిజోనాలో అయితే అక్కర్లేదు, ఎన్‌పీ సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. నన్ను ఇది సూటిగా అడిగారు. తెలియకపోతే ఈ ఉద్యోగం ఏమిటో చూసుకోకుండానే వచ్చామని అర్థమైపోతుంది.

పాత_ట్యూటర్ | అక్టోబరు 5, ఉదయం 9:30

అమ్మా, నేను నర్సింగ్ ట్యూటర్‌గా రిటైరై ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. ఒక్క మాట అడుగుతాను, జవాబు ఇక్కడే రాయి. నీ ఏడేళ్ల సర్వీసులో ఏ పేషెంట్ దగ్గర నిలబడినప్పుడు "ఇక్కడ నర్సుగా నా చేతిలో ఉన్నది చాలడం లేదు" అనిపించింది? నీ "ఎందుకు"కి జవాబు అక్కడుంది. సేవ అనే మాట లేకుండా రాయి.

ఈ కోర్సు పుట్టింది కూడా అలాగే. 1965లో కొలరాడో యూనివర్సిటీలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ పెట్టారు. ఆవిడ పల్లెల్లో తిరిగిన పబ్లిక్ హెల్త్ నర్సు. పిల్లలకి డాక్టరు అందని చోట తనకు ఇంకేం తెలిసుండాలో కళ్లారా చూసింది. నీకూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది.

పెదవాల్తేరు_నర్సు | అక్టోబరు 5, రాత్రి 11:20

మేడమ్, మీరు అడగగానే ఒకాయన గుర్తొచ్చారు. రాస్తుంటే చెయ్యి ఆగలేదు, పెద్దదైంది, ఏమీ అనుకోకండి.

శ్రీకాకుళం జిల్లా వైపు నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వచ్చేవారు. యాభై దాటాయి. కొబ్బరి తోటల్లో పని. ఓసారి ఒక డయాలసిస్ తప్పిపోయి ఐదో రోజున వచ్చారు, సాయంత్రం డ్యూటీలో నేనున్నాను. మంచం మీద కూర్చుని "కాళ్లు లాగేస్తన్నాయి సిస్టరమ్మా, లెగలేకపోతన్నాను" అన్నారు. గొంతులో నీరసం కాదు, భయం. మానిటర్ పెట్టాం. హార్ట్ రేట్ 48. మానిటర్ గీతలో టీ వేవ్‌లు గుడారాల్లా నిటారుగా ఉన్నాయి, పొటాషియం బాగా పెరిగితే అలా ఉంటాయి. ఈసీజీ తీసి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేశాం. పొటాషియం రిపోర్ట్ రానివ్వమన్నారు. ఐదు నిమిషాలకి మళ్లీ చూస్తే ఈసీజీలో క్యూఆర్‌ఎస్ (గుండె కొట్టుకోవడాన్ని చూపే గీత) వెడల్పవుతోంది. మళ్లీ ఫోన్ చేసి రెండు ఈసీజీలూ పక్కపక్కన పెట్టుకుని చదివి వినిపించి, "సర్, రిపోర్ట్ వచ్చేదాకా ఆగేలా లేదు, మీరు వచ్చి చూడాలి" అన్నాం. వచ్చారు. కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చాం, వెంటనే డయాలసిస్ మీద పెట్టాం. తర్వాత వచ్చిన రిపోర్ట్‌లో పొటాషియం 7.4.

బతికారు. కానీ నాకు గుర్తుండిపోయింది అది కాదు. రాత్రి చొక్కా మారుస్తుంటే జేబులోంచి మాత్రల పట్టీ కిందపడింది. డైక్లోఫెనాక్. పదిలో నాలుగు అయిపోయాయి. ఇవెందుకు వేసుకుంటున్నారంటే, "ఒళ్లు నొప్పులకమ్మా, మా ఊళ్లో కొట్లో ఇస్తారు. ఎనిమిదేళ్లయి ఏసుకుంటన్నాను" అన్నారు. నాలుగు ఆస్పత్రులు తిరిగిన ఫైలు ఆయనది, నా చేతిలోనే ఉంది. ఎక్కడా ఆ మాత్ర పేరు లేదు. ఎవరూ అడగలేదు. నేనూ అంతకుముందు ఏడాదంతా ఆయనకి సూది గుచ్చాను, నేనూ అడగలేదు.

[సవరణ: ఊరి పేరు తీసేశాను, కింద మేడమ్ చెప్పాక.]

పాత_ట్యూటర్ | అక్టోబరు 6, ఉదయం 8:05

ఇదమ్మా నీ జవాబు. ఆ చివరి వాక్యం ఇంటర్వ్యూలోనూ వదలకు.

ఇప్పుడు దిద్దుబాట్లు. మొదటిది, ఊరి పేరు ఇక్కడి నుంచి వెంటనే తీసెయ్. ఊరు, పని, వయసు మూడూ కలిపితే ఆయనెవరో తెలిసినవాళ్లు పోల్చుకుంటారు. ఇంటర్వ్యూలో కూడా "యాభై దాటిన ఒక డయాలసిస్ పేషెంట్" అంతే. పేషెంట్ వివరాలు నీ నోట ఎలా వస్తాయో వాళ్లు గమనిస్తారు. వాళ్ల దేశంలో దానికి చట్టమే ఉంది.

రెండోది, నువ్వు రాసింది మళ్లీ చదువు. "పెట్టాం, చేశాం, అన్నాం, ఇచ్చాం." ఎవరమ్మా ఆ ఫోన్ చేసింది? నువ్వే కదా. "నేను" అంటే గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని మనకి చిన్నప్పటి నుంచి అలవాటు. ముప్పై బ్యాచ్‌ల పిల్లల్లో చూశాను, బాగా పనిచేసే పిల్లలే ఎక్కువగా "మేము" అంటారు. ఎదుటివాళ్లకి అందులో నువ్వు కనిపించవు. నువ్వు చేసినది నేను అను. డాక్టరు చేసినది డాక్టరు అను. కాల్షియం ఇమ్మని చెప్పింది ఆయన, ఎక్కించింది నువ్వు. అలా విడదీసి చెప్పడమే నిజాయితీ, అదే వాళ్లకి కావలసింది కూడా.

మూడోది, ఆ మాత్రల వల్లే కిడ్నీలు పోయాయని మాత్రం అనకు. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బుకి అసలు కారణం పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. నొప్పి మాత్రలు ముందే దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి, పొటాషియాన్ని పెంచుతాయి, అంతవరకు చెప్పు. తెలిసినదాన్ని దాటి ఒక్క అడుగు వేసినా పట్టుకుంటారు.

నైట్‌డ్యూటీ_బ్రదర్ | అక్టోబరు 6, మధ్యాహ్నం 3:10

డ్యూటీ దిగి నిద్రలేచి ఇప్పుడే చదివాను. సిస్టర్, ఆ రెండో ఫోన్ కాల్ విషయం తప్పకుండా చెప్పండి. "డాక్టరుతో మీ అభిప్రాయం కలవనప్పుడు ఏం చేశారు?" అనే ప్రశ్న ఎక్కడైనా ఉంటుంది. మీరు గొడవపడలేదు, ఊరుకోనూ లేదు, కొత్త ఆధారం పట్టుకుని మళ్లీ అడిగారు. దానికి అంతకన్నా మంచి జవాబు లేదు.

నేను మన దేశంలోనే ఎన్‌పీసీసీ చేశాను, క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్. నా ఇంటర్వ్యూలో కథలు తక్కువ, కాగితాలు ఎక్కువ. ఏబీజీ (రక్తంలో వాయువుల రిపోర్ట్) చేతికిచ్చారు: పీహెచ్ 7.25, కార్బన్ డయాక్సైడ్ 60, బైకార్బొనేట్ 26. రెస్పిరేటరీ ఎసిడోసిస్ (శ్వాస సరిపోక రక్తంలో ఆమ్లం పెరగడం) అన్నాను. "కొత్తదా పాతదా?" అన్నారు. బైకార్బొనేట్ ఇంకా పెద్దగా పెరగలేదు కాబట్టి కొత్తదే అన్నాను. అక్కడితో ఆపలేదు, "అయితే మంచం దగ్గరికి వెళ్లి ముందు ఏం చూస్తావు?" అన్నారు. పేషెంట్ మెలకువగా ఉన్నాడా, ఛాతీ రెండువైపులా లేస్తోందా, రాత్రి నిద్రమందు ఏమైనా ఇచ్చారా అన్నాను. అంకెల కన్నా ఆ జవాబుకే మార్కులు పడ్డాయని తర్వాత చెప్పారు.

"మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి" అని కూడా అడిగారు. చాలామంది దీనికి "నేను పని ఎక్కువ చేస్తాను, అదే నా లోపం" లాంటిది చెబుతారు. దయచేసి వద్దు. నాది చెప్తాను. కొత్తలో మా వార్డులో ఒకేసారి ఇద్దరు సింహాచలాలు ఉన్నారు. మన వైపు సంగతి తెలిసిందే, ఏ వార్డులో చూసినా ఒక అప్పారావు, ఒక సింహాచలం ఉంటారు. ఒకాయన యాంటీబయాటిక్ బాటిల్ రెండో ఆయన స్టాండుకి తగిలించాను. క్లాంప్ తీయబోతూ కేస్‌షీట్‌లో తండ్రి పేరు చూసి ఆగాను. చుక్క కూడా లోపలికి వెళ్లలేదు. ఎవరూ చూడలేదు కూడా. అయినా ఇన్‌ఛార్జి సిస్టర్‌కి నేనే చెప్పాను. ఆ వారం నుంచి ఒకే పేరున్న పేషెంట్ల కేస్‌షీట్ మీద తండ్రి పేరు ఎర్రసిరాతో రాయడం మొదలైంది. ఇంటర్వ్యూలో ఇది చెబుతున్నప్పుడు నా చేతులు వణికాయి. చెప్పినందుకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది.

గాజువాక_ఫోర్త్‌ఇయర్ | అక్టోబరు 6, సాయంత్రం 6:45

బ్రదర్, నేను బీఎస్సీ ఫోర్త్ ఇయర్. ఎన్‌పీసీసీ నేరుగా చేరిపోవచ్చా? చేశాక మందులు మనమే రాయొచ్చా? మా క్లాసులో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

నైట్‌డ్యూటీ_బ్రదర్ | అక్టోబరు 6, రాత్రి 7:30

నేరుగా కుదరదు తల్లీ. బీఎస్సీ పూర్తయి, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండి, కనీసం ఏడాది క్లినికల్ అనుభవం కావాలి, అది ఐసీయూలో అయితే మరీ మంచిది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2016లో తెచ్చిన రెండేళ్ల రెసిడెన్సీ కోర్సు ఇది. థియరీ తక్కువ, దాదాపు అంతా ఐసీయూలోనే. మందుల విషయంలో అమెరికాతో పోల్చుకోవద్దు. మనం ఆస్పత్రి ప్రోటోకాల్, స్టాండింగ్ ఆర్డర్ల (ముందే రాసిపెట్టిన ఆదేశాల) ప్రకారం, డాక్టర్లతో కలిసి పనిచేస్తాం. ఇంటర్వ్యూలో "నేను సొంతంగా ప్రాక్టీస్ పెడతాను" అన్న అమ్మాయిని నాకు తెలుసు, సీటు రాలేదు.

పాడేరు_ఎమ్మెల్‌హెచ్‌పీ | అక్టోబరు 6, రాత్రి 9:15

నేను ఏజెన్సీలో ఒక విలేజ్ క్లినిక్‌లో ఎమ్మెల్‌హెచ్‌పీగా (క్లినిక్ చూసుకునే నర్సుగా) ఉన్నాను. సిగ్నల్ దొరికినప్పుడే చదువుతాను కాబట్టి చిన్నగా రాస్తున్నా. పెదవాల్తేరు సిస్టర్ చెప్పిన ఆ పట్టీ నేను వారానికి పదిమంది జేబుల్లో చూస్తాను. ఇక్కడ నా పనే బీపీ చూడటం, షుగర్ చూడటం, అవసరమైతే ఈ-సంజీవనిలో (వీడియో కాల్‌లో) డాక్టరుకి చూపించడం. వచ్చినవాళ్లని "మందులేమైనా వాడుతున్నారా?" అంటే లేదనే చెబుతారు. కొట్లో కొన్నది వాళ్ల లెక్కలో మందు కాదు. "నొప్పొస్తే ఏం వేసుకుంటారు?" అని అడగాలి. అప్పుడు పట్టీ బయటికి తీస్తారు. మీ ఇంటర్వ్యూలో పనికొస్తే చెప్పండి.

ఒహాయో_అక్క | అక్టోబరు 7, ఉదయం 5:50

పాడేరు చెల్లీ, ఇక్కడ నా క్లినిక్‌లోనూ అంతే! సూపర్ మార్కెట్లో కొన్న ఐబూప్రొఫెన్‌ని ఎవరూ మందు అనరు. నేను రోజూ అడిగే ప్రశ్న నువ్వు పాడేరులో కనిపెట్టావు.

పెదవాల్తేరు చెల్లీ, ఇది రాసి పెట్టుకో. ఫ్యామిలీ ఎన్‌పీ అంటే ఇదే. పొటాషియం 7.4 రాకుండా ఎనిమిదేళ్ల ముందు ఆ ప్రశ్న అడిగే మనిషి. అక్యూట్ కేర్ ఎన్‌పీకి (ఆస్పత్రిలో తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లని చూసే కోర్సుకి) కాకుండా ఫ్యామిలీకే ఎందుకు వచ్చావని కచ్చితంగా అడుగుతారు, ఎందుకంటే నీ అనుభవమంతా ఆస్పత్రిలోది.

పెదవాల్తేరు_నర్సు | అక్టోబరు 9, రాత్రి 10:05

రెండోసారి రాశాను. ఇంగ్లీషులో చెప్పాల్సిందే, మీ కోసం తెలుగులో:

"నేను డయాలసిస్ నర్సుగా ఉన్నప్పుడు ఒక పేషెంట్ గుండె ఆగిపోయే స్థితిలో వచ్చారు. ఈసీజీలో మార్పు నేను ముందు చూశాను, డాక్టరుని రెండుసార్లు పిలిచాను, ఆయన సమయానికి వచ్చారు. అదే రాత్రి ఆ పేషెంట్ జేబులో ఎనిమిదేళ్లుగా వాడుతున్న నొప్పి మాత్రలు దొరికాయి. ఆ ఎనిమిదేళ్లలో ఆయన్ని చూసినవాళ్లు ఎవరూ వాటి గురించి అడగలేదు. చివరి ఏడాది చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన్ని ఆ మంచం దాకా రాకముందే చూసే చోట నేను ఉండాలి. చూడటమే కాదు, ఆ మాత్ర ఆపి బదులుగా ఏమివ్వాలో నిర్ణయించి, ఆ నిర్ణయానికి జవాబుదారీగా ఉండే చదువు నాకు కావాలి. మానవాళి ఆరోగ్యానికి నా వంతు కృషి చేయాలన్నదే నా ఆశయం."

ఒహాయో_అక్క | అక్టోబరు 10, ఉదయం 6:00

చివరి వాక్యం కొట్టెయ్. "చదువు నాకు కావాలి" దగ్గర ఆగిపో. ఆగి, వాళ్ల వంక చూడు.

వీడియో గురించి కొన్ని. టైము ఇంకోసారి సరిచూసుకో. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు, నీది అంతకు ముందే కాబట్టి 8:30 సరైనదే. లైటు నీ ముఖానికి ఎదురుగా ఉండాలి, వెనక కాదు. ముఖ్యమైనది ఇంకోటి: మనం "అవును" అనడానికి తల పక్కలకి ఊపుతాం కదా, తెర మీద అది వాళ్లకి "కాదు"లా కనిపిస్తుంది. నా మొదటి ఉద్యోగ ఇంటర్వ్యూలో వాళ్లు రెండుసార్లు "మీకు అంగీకారం కాదా?" అని అడిగారు. నోటితో చెప్పు.

పాత_ట్యూటర్ | అక్టోబరు 10, ఉదయం 10:20

అక్టోబరులో వాన ఎప్పుడు పట్టుకుంటుందో తెలియదు, కరెంటు నమ్ముకోవద్దు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చింది అక్టోబరు 12న. రూటర్ ఇన్వర్టర్ మీద ఉందో లేదో ఈరోజే మెయిన్ స్విచ్ ఆపి చూసుకో. ఫోన్‌లో డేటా వేయించుకుని పక్కన పెట్టుకో. ఆదివారం మా ఇంటికి రా, నేనూ మా పక్కింటి రిటైర్డ్ ప్రిన్సిపాల్ గారూ అడుగుతాం. ఇంగ్లీషులోనే.

పెదవాల్తేరు_నర్సు | అక్టోబరు 13, రాత్రి 9:40

మేడమ్ వాళ్లింట్లో గంటన్నర అయింది. కాల్షియం గ్లూకోనేట్ పొటాషియాన్ని తగ్గిస్తుందా అని ప్రిన్సిపాల్ గారు అడిగితే తడబడ్డాను. తెలుసు నాకు. అది గుండెని కాపాడుతుంది, అంతే. పొటాషియాన్ని కణాల్లోకి పంపేది ఇన్సులిన్–డెక్స్‌ట్రోజ్, ఒంట్లోంచి తీసేది డయాలసిస్. కానీ చేసే పనిని నోటితో వివరించడం వేరని అక్కడ తెలిసింది. ఇంటికొచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని మళ్లీ చెప్పాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. అంతా విని, "నిన్నెవరో తరుముతున్నట్టు చెబుతున్నావే" అంది. ఫోన్‌లో రికార్డు చేసి విన్నాను, నిజమే. మూడు నిమిషాల జవాబు నిమిషంన్నరలో అయిపోతోంది. ఇప్పుడు కథలో రెండుచోట్ల గుటక వేసేంత సేపు ఆగుతున్నాను.

పెదవాల్తేరు_నర్సు | అక్టోబరు 16, రాత్రి 11:50

అయిపోయింది. ఎనిమిదింటికి వాన మొదలై కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఆగింది, రూటర్ ఆగలేదు... కాదు, తప్పు రాశాను, చేతులు ఇంకా కుదురుగా లేవు. ఇన్వర్టర్ పనిచేసింది, ఏదీ ఆగలేదు. మేడమ్, మీకు దణ్ణం.

మొదటి ప్రశ్న మనం అనుకున్నదే. "చదువు నాకు కావాలి" దగ్గర ఆపాను. ఒకావిడ రాసుకోవడం కనిపించింది. అక్యూట్ కేర్ ఎందుకు కాదన్నారు, టెక్సస్ అగ్రిమెంట్ గురించి అడిగారు, ఉద్యోగం చేస్తూ క్లినికల్ గంటలు ఎలా పూర్తిచేస్తారన్నారు. మా మేనేజర్‌తో మాట్లాడి వారాంతపు షిఫ్టులకి మారతానని చెప్పాను, అది ముందే మాట్లాడుకున్నాను కూడా.

ఊహించనిది ఒకటి వచ్చింది. "అదే మనిషి ఎనిమిదేళ్ల ముందు, డయాలసిస్ అవసరం లేనప్పుడు, మీ క్లినిక్‌కి వస్తే ఏం చేస్తారు?" ఒక్క క్షణం ఏమీ తోచలేదు. వెంటనే పాడేరు సిస్టర్ మాట గుర్తొచ్చింది. మందులు వాడుతున్నారా అని కాదు, నొప్పొస్తే ఏం వేసుకుంటారని అడుగుతానని చెప్పాను. బీపీ, క్రియాటినిన్, యూరిన్‌లో ఆల్బుమిన్ చూస్తాను, ఆ మాత్ర ఆపించి పారాసిటమాల్ తగిన మోతాదులో ఇస్తాను అన్నాను. "ఎంతవరకు మీరే చూస్తారు?" అన్నారు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ పనితీరు చూపే అంకె) 30 కన్నా తగ్గితే, లేదా వేగంగా పడిపోతుంటే నెఫ్రాలజిస్టుకి పంపిస్తాను, పంపి ఊరుకోను, వెళ్లారో లేదో ఫోన్ చేసి కనుక్కుంటాను అన్నాను. ఆ చివరి మాట ముందు అనుకోలేదు, దానంతటదే వచ్చింది.

ఫలితం నవంబరు చివర్లో మెయిల్ చేస్తామన్నారు.

పాడేరు_ఎమ్మెల్‌హెచ్‌పీ | అక్టోబరు 17, ఉదయం 7:10

సిస్టర్, ఇది చదివి మా ఏఎన్‌ఎమ్‌కి కూడా చూపించాను. చాలా సంతోషంగా ఉంది.

గాజువాక_ఫోర్త్‌ఇయర్ | అక్టోబరు 17, ఉదయం 8:30

అక్కా, నాకు ఇంకా ఇంటర్వ్యూ ఏమీ లేదు. కానీ మీరు విశాఖలో ఉండగానే ఒకసారి నన్నూ అలా అడుగుతారా? నా దగ్గర పెద్ద కేసులేవీ లేవు. పోస్టింగ్‌లో చూసినవే.

పెదవాల్తేరు_నర్సు | అక్టోబరు 17, ఉదయం 9:00

తప్పకుండా రా. నా తిరుగు టికెట్ 25న. మేడమ్‌తో ఇప్పుడే ఫోన్‌లో మాట్లాడాను, ఆదివారం పదింటికి వాళ్లింట్లోనే. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా వచ్చి ఫోన్ చెయ్, నేనొచ్చి తీసుకెళ్తాను. పెద్ద కేసు అక్కర్లేదు. పోస్టింగ్‌లో నువ్వు చూసిన ఒక్క పేషెంట్ గురించి ఒక పేజీ రాసుకుని రా. పేరూ ఊరూ వద్దు. "మేము" అని ఎక్కడెక్కడ రాశావో ముందే సున్నా చుట్టి తీసుకురా.